ఖాళీ వదలని నివాళి

"ఆవిడ పోలేదండీ."

అవతలివాళ్ళు ఏదో అన్నారు.

"నాకెలా తెలుసంటే, మీరు పోయిందంటున్న మనిషిని నేనే కాబట్టి. ఆఁ, బాగానే ఉన్నాను. టీ తాగుతున్నాను. ఉంటానండీ."

అత్తగారు ఫోను పెట్టేసి, పక్కనున్న కాగితం మీద పెన్సిలుతో ఇంకో గీత గీసింది. పొద్దున్న ఆరున్నర నుంచి అది పదకొండో గీత. లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి, పెన్సిలు దొరికితే ఊరుకోదు.

పత్రిక నంబరుకి ఆ ఇంట్లో రెండు ఫోన్లు ఉన్నాయి. ఒకటి ముందు గదిలో ఎడిటరు బల్ల మీద, రెండోది వంటింట్లో. రెండూ కలిసే మోగుతాయి. పొద్దున్నుంచీ ముందు గదిలోది ఎత్తిన పాపాన పోలేదు ఎవరూ.

వంటింటి బల్లకి అటు కోడలు, ఇటు కొడుకు కూర్చుని ఉన్నారు. కోడలి ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద అత్తగారి ఫొటో, దానిపైన పెద్ద అక్షరాలు: 'ఎడిటరు గారి అర్ధాంగి ఇక లేరు.' పొద్దున్న ఆరింటికి పత్రిక వెబ్‌సైటులో పడిన ఈ నివాళి, ఎనిమిదిన్నర అవుతున్నా అలాగే ఉంది.

"అమ్మా, దాన్ని తీసేస్తాను. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. నువ్వు ఊఁ అను చాలు," అన్నాడు కొడుకు.

"వద్దు. నేనింకా చదవడం అవలేదు."

"రెండు గంటల నుంచి చదువుతున్నావు!"

"మీ నాన్న రాసింది నేనెప్పుడూ ఒక్కసారి చదివి వదల్లేదురా. ఇవాళ నా గురించి రాస్తే మాత్రం తొందరెందుకు?"

కొడుకు తల పట్టుకున్నాడు. తల్లి నోట 'వద్దు' అన్న మాట వాడు ఇంతకుముందు వినలేదు. అందుకని దాన్ని దాటడం ఎలాగో వాడికి తెలియలేదు. లేకపోతే ఆ నొక్కు ఆరున్నరకే నొక్కేసి ఉండేవాడు.

అత్తగారు మళ్ళీ కాగితం మీదకి వంగింది. తెర మీద చదివితే తప్పులు దొరకవని, కోడలి చేత అచ్చు తీయించుకుంది. కాగితం నిండా అప్పుడే పెన్సిలు గుర్తులు పడ్డాయి.

ముందు గది తలుపు తెరుచుకుంది. ఎడిటరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఊరికి ఆయన ఎడిటరు గారు. ఇంటికి కూడా అంతే. వారపత్రిక అచ్చు ఆపేసి వెబ్‌సైటుకి మారి రెండేళ్ళయినా, చొక్కా జేబులో ఎర్ర సిరా పెన్ను మాత్రం అలాగే ఉంది. చేతిలో ఒక చీటీ పట్టుకున్నాడు.

"రాశాను," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "'సాంకేతిక లోపం వల్ల ఈ ఉదయం మా సైటులో ఒక పొరపాటు వార్త వెలువడింది. చింతిస్తున్నాం. ఆమె క్షేమంగా ఉన్నారు.' ఇది ఎక్కించి అది దించండి. పది నిమిషాల పని. దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకో నాకర్థం కావడం లేదు."

"సాంకేతిక లోపం ఏముంది మామయ్యగారూ?" కోడలు తలెత్తింది. "ఏజెంటు తనకి చెప్పిందే చేసింది."

"అంటే లోపం నాదంటావా?"

"నాది కూడా. గైడు రాసింది నేనేగా."

కోడలు పనిచేసే కంపెనీ తయారుచేసిన సాధనం అది. దాన్ని పెట్టుకుంటే, ఏజెంట్లు అనే కృత్రిమ మేధ ప్రోగ్రాములు వెబ్‌సైటులోకి వెళ్ళి, 'సిద్ధం' అనే ఫోల్డరులోంచి రాతలు ఎంచి, ఫొటోలు తగిలించి, తమంతట తామే ప్రచురించేస్తాయి. ఆ సాధనాన్ని ఎలా వాడాలో రాసిపెట్టే గైడు మొత్తం కోడలి చేతి మీదుగా నడుస్తుంది. ఆఫీసులో అందరూ ఆమెని గైడమ్మ అంటారు. గైడుకి పాఠకులు రెండు రకాలు. మనుషులు ఒకరకం, వాళ్ళు చదవరు. ఏజెంట్లు రెండో రకం. అవి ప్రతి పనికీ ముందు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాయి, తు.చ. తప్పకుండా చేస్తాయి. మనుషులు గైడు చదవకపోవడం వల్ల జరిగే నష్టాలు కోడలికి బాగా తెలుసు. బుద్ధిగా చదివేవాళ్ళ వల్ల కూడా కొంప మునుగుతుందని ఇవాళే తెలిసింది.

"గైడు సరే," ఎడిటరు గొంతు పెంచాడు. "వెయ్యబోయే ముందు మనిషిని అడగాలని రాయలేదా అందులో?"

"రాశాను. అడుగుతుంది కూడా." కోడలు మొగుడి వైపు చూసింది. "అడిగేది మీ అబ్బాయి ఫోనుకి."

కొడుకు నీళ్ళు నమిలాడు. "రోజుకి ఇరవైసార్లు మోగేది నాన్నా. 'ఇది వెయ్యనా, అది వెయ్యనా' అని. ఆఫీసులో నా పని నేను చేసుకోవాలా వద్దా? అందుకని, ఇక అడక్కుండా వేసుకో అని పెట్టాను."

"ఎప్పుడు పెట్టావు?" అంది కోడలు.

"పోయిన వారం."

"నాతో ఒక్క మాట చెప్పకుండా?"

"చెబితే గైడులో ఇంకో పేజీ రాసి నాచేత చదివించేదానివి!"

"ఒక్క పేజీ చదివుంటే ఈ పాటికి మీ అమ్మకి ఈ ఫోన్లు వచ్చేవి కావు."

"చాల్లే ఆపండి," ఎడిటరు చీటీని బల్ల మీద కొట్టాడు. "మీ కంపెనీ తెచ్చిపెట్టిన పీడ ఇది. కాగితం మీద అచ్చు వేసినన్నాళ్ళూ ఈ ఇంట్లోంచి ఒక్క తప్పు బయటికి పోలేదు. ఒక్కటంటే ఒక్కటి!"

"ఎందుకు పోలేదంటారూ?" అంది అత్తగారు, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

పెన్సిలుతో ఇంకో మాట కింద గీత గీసింది. 

"తప్పు ముగ్గురూ పంచుకోవడం అయిందా?" అంది మళ్ళీ. "నా వాటాకి ఏమైనా మిగిలిందా, లేక పోయినదాన్ని కదా అని వదిలేశారా?"

"అమ్మా, ఆ మాటలేమిటి?"

"మీ నాన్న రాసినవేరా, నావి కావు. ఏవండీ, ఇక్కడ 'సంగీతమంటే ఆమెకు ప్రాణం' అని రాశారు. నాకా?"

ఎడిటరు బల్ల మీది చీటీని సర్దాడు.

"సంగీతం మీ చెల్లెలికి. వయసు రెండేళ్ళు ఎక్కువ వేశారు. పెళ్ళినాటికి పదో తరగతి చదివానన్నారు, నేను డిగ్రీ పూర్తిచేసి వచ్చాను. 'ఇంటిని తీర్చిదిద్దుకోవడమే ఆమె లోకం' అన్నారు. 'ఎన్నడూ ఎదురు చెప్పి ఎరుగరు' అన్నారు. ఇది మాత్రం తప్పు కాదు, దిద్దకుండా వదిలేశాను."

"ఏ పరిస్థితిలో రాశానో నీకు తెలుసు కదా. అప్పుడు వయసులూ డిగ్రీలూ చూసుకుంటామా?" అన్నాడు ఎడిటరు. మూడేళ్ళ కిందట ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో పన్నెండు రోజులు ఆస్పత్రిలో పడి ఉన్నప్పటి రాత అది. అంతవరకూ పొద్దున్నే ఒప్పుకున్నాడు.

"తెలుసు. అందుకే వాటి గురించి గొడవ పెట్టుకోవడం లేదు." అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకు అర్థం కానిది వేరే ఉంది. అమ్మాయ్, 'సిద్ధం' అన్న ఆ ఫోల్డరులో మేయరు గారిది కూడా ఉండాలే?"

"ఉంది అత్తయ్యా."

"పెద్ద డాక్టరు గారిది, నాటకాల ఆయనది?"

"ఉన్నాయి."

పెద్దవాళ్ళు బతికుండగానే వాళ్ళ మీద నివాళి రాసి పెట్టుకోవడం పత్రికలవాళ్ళ అలవాటు. కబురు తెలిశాక రాయడానికి కూర్చుంటే పేపరు ఆలస్యమవుతుంది. ఎడిటరు దగ్గర అలాంటివి పదిహేడు ఉన్నాయి. పదహారింటిని అత్తగారే దిద్దింది. మేయరు గారి నివాళిలో ఆయన కట్టించిన వంతెన పొడవు దగ్గర తప్పు పట్టుకుని, ఎందుకో చెప్పకుండా ఆయనకే ఫోను చేసి సరిచూసుకున్నది కూడా ఆవిడే. పదిహేడోది ఒకటి ఉందని మాత్రం ఆవిడకి ఇవాళ పొద్దున్నే తెలిసింది.

"మరి ఏజెంటు వాళ్ళందరినీ వదిలేసి నన్నే ఎందుకు ఎంచుకుంది? మేయరు గారి తరవాతే కదా నేను, ఏ రకంగా చూసినా."

కోడలికి సంగతి తెలుసు. ఏడింటికే చూసింది. చూసిన దగ్గరనుంచీ ఈ ప్రశ్న రాకూడదనే అనుకుంటోంది.

"వాటిల్లో ఖాళీలు ఉన్నాయి అత్తయ్యా."

"ఏం ఖాళీలు?"

"ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నచోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఖాళీలున్న రాత పూర్తి కానట్టు లెక్క, వెయ్యకూడదు అని గైడులో రాశాను."

"మరి నాదాంట్లో?"

కోడలు ల్యాప్‌టాప్ అంచు గోటితో గీకుతూ కూర్చుంది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితంలో మొదటి వాక్యం పైకి చదివింది. ప్రూఫు చదివేటప్పుడు ఎలా చదివేదో అలాగే, ఒక్కో మాటా విడివిడిగా. "'నిన్న సాయంత్రం ఆస్పత్రిలో ప్రశాంతంగా కన్నుమూశారు.'"

చదివి, కాగితం బల్ల మీద పెట్టింది.

"మేయరు గారికి చుక్కలు వదిలారు. నాకు వదల్లేదు."

"డాక్టరు పెదవి విరిచాడు!" ఎడిటరు ఒక్కసారిగా అరిచాడు. "రాత్రి గడవదన్నాడు. నేనేం చెయ్యను? మర్నాడు పొద్దున్నే పేపరు అచ్చుకి వెళ్ళాలి..."

మిగతా మాట మింగేశాడు. కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది.

"పేపరు అచ్చుకి వెళ్ళాలి," అని ఆ మాటనే మెల్లగా తిరిగి అంది అత్తగారు.

కొడుకు లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు, పక్కింటి గోడ తప్ప.

"ఆ సాయంత్రం నాకు కాస్త తెలివొచ్చిందండీ," అంది అత్తగారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని కోడలికి అనిపించింది. "మిమ్మల్ని పిలవమని నర్సుని అడిగాను. రెండుసార్లు వెళ్ళొచ్చింది పాపం. 'బయట బెంచీ మీద ఏదో రాసుకుంటున్నారమ్మా, కాసేపట్లో వస్తానన్నారు' అంది. మందుల చీటీలేమో, ఆస్పత్రి కాగితాలేమో అనుకున్నాను. మూడేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను."

 

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. కొడుకు వెళ్ళి, తెల్లపూల గుత్తి ఒకటి పట్టుకుని తిరిగొచ్చాడు. వెనకాలే పూల దుకాణం మనిషి, ఒక రసీదు పుస్తకంతో. పత్రికలో ప్రకటనలు వేసే కంపెనీ ఏదో సంతాపంగా పంపిందట.

"ఎవరు సంతకం పెడతారండీ?" అన్నాడు ఆ మనిషి, చావింట్లో మాట్లాడే గొంతుతో.

"ఇలా ఇవ్వు నాయనా." అత్తగారు సంతకం పెట్టింది. "పూలు తాజాగా ఉన్నాయి. ఎవరు కట్టారు, నువ్వేనా?"

"మా ఆవిడండీ."

"బాగా కట్టిందని చెప్పు. మర్చిపోకు, ఇవాళే చెప్పు."

ఆ మనిషి తలూపి వెళ్ళిపోయాడు. ఎడిటరు తన చీటీ తీసుకుని, "ఇది నేనే ఎక్కించుకుంటాను, మీ సాయం ఎవరికి కావాలి," అని ముందు గదిలోకి పోయాడు. కొడుకు ఆయన వెనకే వెళ్ళాడు. ఆ ఇంట్లో ఏ గొడవైనా ఇలాగే తెమిలేది. మగవాళ్ళు ముందు గదిలోకి, ఆడవాళ్ళు వంటింట్లోకి, మాటలు మధ్య గోడలోకి.

కోడలి సెల్ మోగింది. ఆఫీసులో ఆమె పైఅధికారిణి.

"గైడమ్మా, చూశాను. మీ ఇంటి విషయం, బాధగానే ఉంది. కానీ పన్నెండు లోపు గైడులో 'తెలిసిన పొరపాట్లు' అధ్యాయంలో ఇది ఎక్కాలి. వేరే పత్రికల వాళ్ళు భయపడుతున్నారు. వాడేవాళ్ళ పొరపాటు అని ఒక్క ముక్క రాసెయ్. 'పూర్తికాని రాతని సిద్ధం ఫోల్డరులో ఉంచడం వల్ల జరిగినది' అను."

"అది పూర్తికాని రాత కాదు మేడమ్. దానికేమీ తక్కువ లేదు. బాధ అదే."

"అదంతా ఎవరికి కావాలమ్మా? పన్నెండు లోపు," అని ఆవిడ పెట్టేసింది.

కోడలు గైడు తెరిచింది. అత్తగారు పూలగుత్తిని బక్కెట్టులో నీళ్ళు పోసి పెట్టి వచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏదీ, నువ్వు రాసింది చదువు. వింటాను."

"అదంతా యంత్రాలకి రాసింది అత్తయ్యా. మీకు విసుగ్గా ఉంటుంది."

"ముప్పై ఒక్క ఏళ్ళు మీ మామగారి సంపాదకీయాలు చదివాను. చదువు."

కోడలు చదివింది. "'చిన్న పత్రికలు: ఒక రాత సిద్ధమైందని ఎప్పుడు అనాలి? శీర్షిక ఉండాలి. ఫొటో ఉండాలి. మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ముగింపు ఉండాలి. ఈ నాలుగూ ఉంటే అది సిద్ధమైనట్టే.'"

"ఇంతేనా?"

"మామయ్యగారు ఇంతే చెప్పారు. ఆ ఆదివారం ముందు గదిలో కూర్చోబెట్టి, పేపరు రోజుల్లో ఏ పని తరవాత ఏ పని చేసేవారో అంతా అడిగి రాసుకున్నాను. మీరు టీ కూడా తెచ్చారు, గుర్తుందా?"

"గుర్తుంది. నాలుగు వేళ్ళు మడిచి ఆపేశారు. అయిదోది చెబుతారేమోనని ట్రే పట్టుకుని కాసేపు నిలబడ్డాను." అత్తగారు చిన్నగా నవ్వింది. "నువ్వు నా వైపు చూశావు. నువ్వయినా అడుగుతావేమో అనుకున్నాను. పంచదార కావాలన్నావు."

కోడలికి ముఖం మీద కొట్టినట్టయింది.

అత్తగారు లేచి గోడ అలమరలో ఒక డబ్బా పక్కకి జరిపింది. అలమరల్లో పరిచినవి పాత ప్రూఫు కాగితాలు. పత్రిక ఆగిపోయాక కట్టలు కట్టలుగా మిగిలితే వంటింటికి వాడేశారు. ఒకటి లాగి కోడలి ముందు పెట్టింది. నూనె మరకలు పడి పసుపురంగుకి తిరిగిన ఆ కాగితం కింద కుడివైపు మూల, పెన్సిలుతో ఒక టిక్కు.

ఇంకోటి లాగింది. దాని మీద కూడా, అదే మూల. ఇంకోటి.

"అది పడందే ప్రెస్సువాళ్ళు అచ్చు మొదలుపెట్టేవాళ్ళు కాదు. 'అమ్మగారి టిక్కు ఏదీ' అని వెనక్కి పంపేసేవాళ్ళు. మీ మామగారు ఎంత కేకలేసినా సరే. నీకు జ్వరం వచ్చినప్పుడల్లా నీ పక్కన కూర్చుని దిద్దాను. ఒక్కసారీ నీకు కనబడలేదా అమ్మాయ్?"

కనబడింది. ఈ ఇంటికొచ్చిన ఏడేళ్ళుగా డబ్బా తీసిన ప్రతిసారీ ఆ టిక్కు కనబడుతూనే ఉంది. పని ఎలా జరుగుతుందో ఊరందరినీ గుచ్చి గుచ్చి అడిగి రాయడమే ఆమె వృత్తి. అడిగించుకోవలసిన మనిషి చేతిలోంచి టీ కప్పు అందుకుని పంచదార అడిగింది. కోడలికి తనమీద తనకే అసహ్యం వేసింది.

"అయిదోది ఇప్పుడు రాయనా అత్తయ్యా?"

"రాయి. నేను చెప్పినట్టు రాయి."

ఆవిడ చెప్పింది. కోడలు రాసింది. 'అయిదు: ఈ పత్రికలో ప్రూఫు చూసే మనిషి గుర్తు పెట్టనిదే ఏ రాతా సిద్ధమైనట్టు కాదు. ఏదైనా వెయ్యడానికైనా, వేసినదాన్ని తియ్యడానికైనా, ఆ గుర్తు తప్పనిసరి.' గుర్తు పెట్టడానికి తెర మీద ఒక గడి, గడి తెరవడానికి నాలుగు అంకెలు. ఆ అంకెలు అత్తగారే నొక్కింది. కోడలు మొహం పక్కకి తిప్పుకుంది.

తరవాత కోడలు 'తెలిసిన పొరపాట్లు' అధ్యాయం తీసి, పైఅధికారిణి చెప్పింది వదిలేసి, తనకి తోచింది రాసింది. 'కారణం: గైడు రాసినవారు, పని తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని అడగలేదు.' ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తెలుస్తుంది. కళ్ళు మూసుకుని పంపేసింది.

అయిదు నిమిషాలు కాలేదు, ముందు గదిలోంచి కేక.

"ఏమిటిది? ఎవడు పెట్టాడిది?"

ఎడిటరు సుడిగాలిలా వచ్చాడు, వెనకే కొడుకు. ఎడిటరు చేతిలో ట్యాబ్, దాని మీద ఆయన ఎక్కించబోయిన సవరణ. కింద ఏజెంటు వినయంగా పెట్టిన రెండు వాక్యాలు: 'ప్రూఫు చూసినవారి గుర్తు ఇంకా రాలేదు. వచ్చాక ప్రచురిస్తాను.'

"తియ్యమంటే తియ్యదు, వెయ్యమంటే వెయ్యదు. పద్దెనిమిదిసార్లు నొక్కాను! ఎవరు రాశారిది?"

"నేనే మామయ్యగారూ," అంది కోడలు. "ఆ రోజు మీరు చెప్పడం మర్చిపోయిన అయిదోది."

ఎడిటరు ఆమెని చూశాడు. బల్ల మీద పరిచి ఉన్న పాత ప్రూఫులు చూశాడు. కుడివైపు మూలలన్నీ ఆయన వైపే తిరిగి ఉన్నాయి. ట్యాబ్ భార్య ముందుకి తోశాడు.

"సరే. చూసి టిక్కు పెట్టు."

వాక్యం పాతదే. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి వారమూ ఇదే గొంతుతో అన్నదే. అత్తగారు ట్యాబ్ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ముగ్గురూ నిలబడి ఉన్నారు. మూడు వాక్యాలు చదవడానికి ఆవిడ చాలాసేపు తీసుకుంది.

"'సాంకేతిక లోపం వల్ల.' ఇది నిజం కాదు, తీసెయ్యాలి. అక్కడేం వేస్తారు?"

"ఏదో ఒకటి నువ్వే వెయ్యి."

"రాసేది మీరు. దిద్దడం వరకే నా పని."

ఎడిటరు చొక్కా జేబులోని పెన్ను తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"'చింతిస్తున్నాం.' ఎవరు చింతిస్తున్నారు? 'ఆమె క్షేమంగా ఉన్నారు.'" ఆ వాక్యం దగ్గర ఆవిడ ఆగింది. "ఇది ఎవరిని అడిగి రాశారు?"

"అంటే?"

"పొద్దున్నుంచి పదకొండు మంది ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి ఎలా ఉన్నారని అడిగారండీ. మీరు అడగలేదు. తలుపేసుకుని క్షేమంగా ఉన్నారని రాశారు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని కన్నుమూశారని రాసినట్టే."

"అయితే ఇప్పుడేమంటావు? టిక్కు పెడతావా, పెట్టవా?"

అత్తగారు ట్యాబ్‌ని ఆయన వైపు జరిపింది. గడి ఖాళీగానే ఉంది.

"పోయినవాళ్ళు టిక్కులు పెట్టరండీ."

లేచింది. కళ్ళజోడు సంచీలో వేసుకుంది. పెన్సిలు కూడా వేసుకుంది. తన నివాళి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. చెప్పులు వేసుకుంటూంటే కొడుకు అడ్డం వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"అది కూడా మీ నాన్నని ముందే రాసి పెట్టుకోమను."

"అత్తయ్యా, నేను కూడా వస్తాను," అంది కోడలు.

"వద్దు. నువ్వుండు. ఎవరేమన్నా ఆ అయిదోది మాత్రం చెరపకు." కోడలి భుజం మీద చెయ్యి వేసింది.  

గేటు చప్పుడైంది. వాళ్ళు ముగ్గురూ గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.

కొడుకు పరుగెత్తాడు. ఎడిటరు కదల్లేదు. వంటింట్లోకి వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాడు. తెర మీద నివాళి అలాగే ఉంది. దాని కింద సంతాపం తెలిపినవాళ్ళ సంఖ్య పెరుగుతోంది.

"గైడులోంచి ఆ అయిదోది తీసెయ్," అన్నాడు కోడలితో.

"తియ్యను మామయ్యగారూ."

ఫోను మోగింది. ముందు గదిలోదీ, వంటింట్లోదీ కలిసే మోగాయి. ఎడిటరు కోడలి వైపు చూశాడు. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. ఏడోసారి మోగాక ఆయనే ఎత్తాడు.

"ఎడిటరు గారూ, నేనండీ, మేయరుని. ఇప్పుడే చూశాను, కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిజమేనా?"

"కాదండీ. పొరపాటు. ఆవిడ..." ఎడిటరు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ బాగానే ఉంది."

"బతికించారు! ఇంట్లో మావాళ్ళు ఒకటే ఏడుపు. నా వంతెన పొడవు తప్పు పడకుండా కాపాడిన తల్లి కదండీ. ఒక్కసారి ఆవిడకి ఫోను ఇవ్వండి. గొంతు వింటే చాలు."

ఎడిటరు రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని, తెరిచి ఉన్న వీధి తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"హలో? ఇస్తున్నారా?" అంటున్నాడు అవతల మేయరు.